వంటింటి కిటికీలో వాలుతున్న చెట్టు

ఆల్డర్ వాగు, వాషింగ్టన్ తీరం

కోరా డన్‌లప్ గారికి, వెండెల్ లాంపి క్షేమమడిగి రాసేది,

వాలడం లేదట! మా ఆవిడ లోర్నా అదే అంటుంది, పోస్టువాడూ అదే అంటాడు. దాని పక్కన పడుకునేది నేను కదా! మా వంటింటి కిటికీలోంచి కనబడే డగ్లస్ ఫర్ చెట్టు గురించే చెబుతున్నాను. ఇల్లు కట్టకముందు నుంచీ వాగు గట్టున ఉంది. వానలు మొదలైన దగ్గర్నుంచీ ఇంటివైపు ఒరుగుతోంది. కిటికీ చట్రం నిటారుగా ఉంది కదా, దాని పక్కన మాను చూస్తే తేడా ఇట్టే తెలిసిపోతుంది. పొద్దున్నే కాఫీ పట్టుకుని అదే చూస్తాను.

సముద్రపు గాలి గట్టిగా ఒక్కటి కొట్టిందంటే అది మా పైకప్పు మీదే. మీరు చెట్లకి వైద్యం చేస్తారని విన్నాను. గాలికి ఇక్కడ ఫోను తీగలు తెగిపోయాయి, అందుకే ఈ ఉత్తరం. తొందరగా రండి.

భయపడుతూ,
వెండెల్

తా.క. మంచం వీధివైపు గదిలోకి మార్చేశాను. లోర్నా పాత గదిలోనే పడుకుంటోంది. "చెట్టు పడితే ఆ చప్పుడుకి నువ్వెలాగూ లేస్తావుగా, వచ్చి నన్నూ లేపు" అంది.

⁂

వెండెల్ గారికి నమస్కారం,

మంగళవారం వచ్చాను. మీరిద్దరూ గుల్లలు తవ్వడానికి తీరానికి వెళ్లారని పక్కింటావిడ చెప్పారు. మానుని సుత్తితో కొట్టి విన్నాను, ఎక్కడా బోలు చప్పుడు లేదు. వేళ్ల మీది మట్టి తీసి చూశాను, కుళ్లు లేదు. చెట్టు రాయిలా ఉంది. కాసిని ఎండుకొమ్మలున్నాయి, వానలు తగ్గాక ఎక్కి తీసేస్తాను. మానుకి నారింజ రిబ్బను కట్టాను. అది చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది.

నిశ్చింతగా ఉండండి.
కోరా డన్‌లప్

తా.క. చెట్టు మొదట్లో పుట్టగొడుగులు లేస్తే మాత్రం ముట్టుకోకుండా నాకు రాయండి.

⁂

కోరా గారికి,

అర్థమైంది. ముప్పై ఏళ్లు కలప అడవుల్లో పనిచేసినవాణ్ని. మా ముఠా నారింజ రిబ్బను కట్టిందంటే ఆ చెట్టుకి నూకలు చెల్లినట్టే. పాపం, మొహం మీద చెప్పలేక మీరు "రాయిలా ఉంది" అని రాశారు. మా నాన్న విషయంలో డాక్టరు కూడా అలాగే అన్నాడు.

ఇక ఆగలేను. శనివారం మా బావమరిది ఆర్లో రంపం తెస్తున్నాడు. "ముందు తల నరికేద్దాం బావా, మొండెం సంగతి భోజనం చేశాక చూద్దాం" అంటున్నాడు. వాడు పోయినేడు చెట్టు కొట్టబోయి సొంత కారు మీద పడేసుకున్నాడు. అయినా వాడి ధైర్యం వాడిది.

వణుకుతూ,
వెండెల్

తా.క. పుట్టగొడుగులు లేచాయి. పసుపుపచ్చగా, బాకాల్లా ఉన్నాయి. గుడ్లతో వేయించుకు తిన్నాం. మీ ఉత్తరంలో కింది ముక్క ఆ తర్వాత చదివాను. అప్పట్నుంచీ నేను లోర్నాని చూస్తున్నాను, లోర్నా నన్ను చూస్తోంది.

⁂

అయ్యో వెండెల్ గారూ,

ఆ రంపం ఆపండి! అడవిలో కొట్టేసే చెట్టుకి గుర్తు పెడతారు. ఇళ్ల దగ్గరైతే కొట్టకుండా ఉంచాల్సిన చెట్టుకి పెడతాం. దాని జోలికి ఎవరూ రావద్దనే ఆ రిబ్బను కట్టాను. తల నరికితే ఆ కోతలో వాననీళ్లు దిగి మాను కుళ్లుతుంది. పక్కల్నుంచి లేచే కొమ్మలకి పట్టుండదు. అప్పుడు నిజంగానే మీ పైకప్పు మీద పడతాయి.

నా మాట నమ్మకపోతే దారానికి ఏదైనా బరువు కట్టి, మాను పక్కన వేలాడదీసి మీరే చూసుకోండి.

కంగారుగా,
కోరా

తా.క. మీరు చెప్పినదాన్నిబట్టి అవి ఆరోగ్యంగా ఉన్న ఫర్ చెట్ల దగ్గర లేచే మంచి రకమే అనిపిస్తోంది. ఇంకోసారి మాత్రం ముందు చదివి, తర్వాత తినండి.

⁂

కోరా గారికి,

మీ ఉత్తరం అందేసరికి ఆర్లో రంపం స్టార్టు చేస్తున్నాడు. వెళ్లి మానుకి అడ్డం నిలబడ్డాను. "తప్పుకో బావా, నీకు తగిలితే మా అక్క నన్ను చంపుతుంది" అన్నాడు. "ఒక్క నిమిషం ఆగరా" అని, చేపల గాలానికి కట్టే సీసపు గుండుని దారంతో మాను పక్కన వేలాడదీశాను. మాను దారానికి సమానంగా ఉంది. ఇసుమంత వాలు లేదు.

నాకు నమ్మకం కుదరలేదు. గుండు పాడైందేమో చూద్దామని అదే దారం మా ఇంటి మూలన పట్టుకున్నాను.

కోరా గారూ, దారానికీ గోడకీ మధ్య నా అరచెయ్యి దూరింది. వాలుతున్నది మా ఇల్లు! వాగువైపుకి ఒరుగుతోంది. దాంతోపాటే ఒరిగిన కిటికీలోంచి చూస్తూ నేను ఇన్నాళ్లూ చెట్టుని అనుమానించాను.

గట్టు దిగి చూశాం. పునాది కింద మట్టి వానకి కొట్టుకుపోయింది. చెట్టు వేళ్లు మాత్రం ఇంటి మూల రాయిని చేత్తో పట్టుకున్నట్టు పట్టుకుని ఉన్నాయి. ఆర్లో ఆ వేళ్లని తట్టి చూశాడు. తర్వాత "భయపడాల్సింది చెట్టు బావా, నువ్వు కాదు" అని రంపం కారులో పెట్టేశాడు.

పునాది బాగుచేసేవాళ్లు వచ్చేదాకా ఆర్లో వాళ్లింట్లో ఉంటాం. సామాను సర్దడం అయిపోయింది, పెట్టె మీద కూర్చుని ఇది రాస్తున్నాను. నిన్నటిదాకా గాలి వీస్తే ఇంటికేమవుతుందోనని చెట్టుని చూసి వణికేవాణ్ని. ఇప్పుడు ఇంటి బరువుకి చెట్టుకేమవుతుందోనని వణుకుతున్నాను. మీరు వచ్చేసరికి ఇల్లు ఎక్కడుంటుందో చెప్పలేను గానీ చెట్టు ఉన్నచోటే ఉంటుంది. దాన్నే గుర్తు పెట్టుకుని రండి.

లోర్నా కారులోంచి హారన్ కొడుతోంది. "ఉత్తరం మా తమ్ముడింట్లో కూర్చుని రాసుకోవచ్చు, ముందు ఆ ఇంట్లోంచి బయటికి రా మహానుభావా! ఇల్లు కిర్రుమంటోంది, వినబడటం లేదూ?" అని అరుస్తోంది. వస్తున్నానే, వస్తున్నా. ఒక్కటే అడగాలి కోరా గారూ, ఆ చెట్టుకి ఇప్పుడు మనం చెయ్యగలిగింది ఏమైనా... అరె, కూర్చున్న పెట్టె వాగువైపు జారుతోం—