కీర్తనలో మామిడికాయల మాట లేదు

మోనికా వాళ్ళ నాయనా,

సంగటి గిన్నెలో ఉండాది, చెనిక్కాయల చట్నీ పక్కనే పెట్టినాను. తినేసి తోటకు పో. కాయ కోసేదానికి మనుషుల్ని పిలుచుకొస్తానని పక్క తోట మురుగేష్ చెప్పినాడు. నేను కాయ తోలేదానికి టోకెన్ కోసం బంగారుపాళ్యం మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి పోతా ఉండాను.

కోప్పడతావని తెలుసు. కండ్లు మూసుకొని బైబిలు తెరిచి వేలు పెట్టినావు. దేవుని కొరకు కనిపెట్టుకొమ్మనే వాక్యం వచ్చింది. అంతే, రేటు పెరిగేదాకా కాయ కొయ్యనని కూర్చున్నావు. ఆ వాక్యం ఉండే కీర్తన మొదటినుంచి చివరిదాకా చదివినాను. దేవుని కోసం కాచుకోమన్నాడే గాని, తోతాపురి మామిడి రేటు కోసం కాదు. అదే బైబిల్లో సామెతల గ్రంథంలో చీమను చూసి బుద్ధి తెచ్చుకోమన్నాడు. పోయి చూడు, రాలిన మన కాయలకు చీమలు పట్టేసినాయి. అవి రేటు కోసం కాచుకోలేదు.

నలుగురి ఆలోచన అడగమని కూడా ఆ సామెతల్లోనే ఉండాది. ఇంట్లో నేనుండగా నువ్వు నీ చేతి వేలును అడిగినావు. అదే నా బాధ.

పోయినేడు మాదిరి నష్టం వస్తుందేమోనని నువ్వు నిద్ర లేకుండా పొర్లేది నాకు తెలవదా? నాకూ భయమే. పొద్దున మోకాళ్ళ మీద దేవుణ్ణి అడిగినాను. అడిగినాక లేచి నడవాల గదా. రేటు తక్కువొస్తే, కృపామణి మాట విని కోసినానని అందరికీ చెప్పు. ఆ మాటలు నేను పడతాను.

కృపామణి

నీ అద్దాలు బైబిలు మీదనే పెట్టినాను. ఈసారి కండ్లు తెరిచి చదువు.