వెనక గదిలో డెన్మార్కు స్పీకరు

కడియం,
4-8-1998

రాజమండ్రి హరిచందన ఆడియో సెంటర్ యజమాని చంద్రరావు గారికి, కడియం నర్సరీ జోగేశ్వరరావు నమస్కారాలు.

మా ఇంట్లో ఫోనుందండి. కానీ దాని పక్కనే మా ఆవిడ కూర్చుంటుంది, ఈ సంగతి ఆవిడకి తెలియకూడదు. అందుకే మా మొక్కల వ్యాను గంగయ్య చేత ఉత్తరం పంపుతున్నాను.

మా ఆవిడ రత్నమాణిక్యం ఒకప్పుడు కచేరీలు చేసిన మనిషి. పోయిన ఏడాది గొంతు దగ్గర గడ్డకి ఆపరేషనైంది. "భయం లేదమ్మా, పాడుతూ ఉంటేనే గొంతు తిరిగొస్తుంది" అన్నారు డాక్టరు గారు. ఈవిడేమో ఒక్కసారి నోరు తెరిచి, బొంగురు వచ్చిందని మూసేసింది. పది నెలలైందండి, కూనిరాగం కూడా లేదు. ఇల్లు ఇల్లులా లేదు. ఆవిడ పాత కచేరీ క్యాసెట్టు ఒకటుంది. మంచి స్పీకర్లలో అది వింటే మళ్లీ పాడాలని పుడుతుందేమోనని నా ఆశ. అలమరలో పట్టేంత చిన్నవైనా సరే, అసలు సిసలు సరుకు పంపండి.

ఇట్లు,
జోగేశ్వరరావు

తా.క.: బరువెంతో రాయండి. మొక్కైనా స్పీకరైనా, ఎత్తి చూడందే నాకు నమ్మకం కుదరదు.

* * *

రాజమండ్రి,
18-8-1998

జోగేశ్వరరావు గారికి చంద్రరావు నమస్కరించి వ్రాయునది.

మీ ఉత్తరం చదివి మా ఆవిడ కళ్లు తుడుచుకుంది. మద్రాసు నుంచి రెండు జతలు తెప్పించి పంపుతున్నాను. ఒకటి ఇంగ్లీషువాళ్లది. మనిషి గొంతు వినాలంటే దాని తర్వాతే ఏదైనా. రెండోది డెన్మార్కుది. ఫిడేలు తీగ మీద కమాను రాపిడి కూడా వినపడుతుంది గానీ, గట్టి ఆంప్లిఫయర్ లేకపోతే పెదవి విప్పదు. అందుకని రెంటికీ సరిపడే ఆంప్లిఫయర్, క్యాసెట్ డెక్కు కూడా పెట్టాను. పోల్చి చూసుకుని, నచ్చిన జత ఉంచుకుని రెండోది తిప్పి పంపండి.

ఇట్లు, మీ శ్రేయోభిలాషి
చంద్రరావు

తా.క.: జత పద్నాలుగు కేజీలు. గంగయ్య అట్టపెట్టెల మీద తడి గోనెలు కప్పుతుంటే ఆపాను. అవి మొక్కలు కావని మీరు కూడా ఓ మాట చెప్పండి.

* * *

కడియం,
22-8-1998

చంద్రరావు గారికి నమస్కారాలు.

గంగయ్యని మీరు ఆపింది కొట్టు దగ్గరేనండి. ధవళేశ్వరం దాటాక ఎండ చూసి జాలేసి, పెట్టెల మీద చెంబుడు నీళ్లు చల్లాడట. వ్యానెక్కిన దేనికైనా నీళ్లు చల్లడం వాడికి అలవాటు. పై అట్ట తడిసిందంతే, లోపల పొడిగానే ఉంది.

ఇక పోలిక. మా నర్సరీలో రెండు రకాలు పోల్చాలంటే రకానికో మొక్క తీసి, ఒకే నీళ్లు, ఒకే ఎరువు ఇచ్చి, దూరదూరంగా పెడతాం. పక్కపక్కన పెడితే ఒకదాని నీడ ఇంకోదాని మీద పడి అసలు గుణం తెలియదు. అలాగే ఇంగ్లీషుది ఒకటి హాల్లో పెట్టాను. డెన్మార్కుది ఒకటి, నూరడుగుల మోటారు వైరు లాగి, పెరటి వైపు వెనక గదిలో పెట్టాను. ఆంప్లిఫయరూ ఒకటే, క్యాసెట్టూ ఒకటే. ఇంతకన్నా ధర్మమైన పోటీ ఉంటుందా?

హాల్లో మా ఆవిడ గొంతు ఖంగున మోగింది. నాకు ఏడుపొచ్చేసిందండి. ఆవిడ మాత్రం లేచి వెనక గదిలోకి పోయి తలుపేసుకుంది. ఏమైందోనని వెళ్లి చూద్దును కదా, అక్కడ డెన్మార్కుది ఒట్టి ఫిడేలు వాయిస్తోంది. గొంతే లేదు! అంత పేరున్న కంపెనీ మా ఆవిడ గొంతు మింగేస్తే ఎలాగండీ?

ఇట్లు, సగం పాట విన్న
జోగేశ్వరరావు

తా.క.: మిగిలిన రెండు స్పీకర్లూ నీడపట్టున దాచాను. ఇవి చస్తే అవి పనికొస్తాయి.

* * *

రాజమండ్రి,
25-8-1998

అయ్యా జోగేశ్వరరావు గారూ, దణ్ణం!

స్పీకర్లు చెప్పుల జతలాంటివండి. ఓ కాలికి ఇంగ్లీషుది, ఇంకో కాలికి డెన్మార్కుది తొడుక్కుని, ఒక కాలు హాల్లో ఒకటి పెరట్లో పెడితే నడక ఎలా సాగుతుంది? మీ ఆవిడ గారి కచేరీలో పాటకో మైకు, ఫిడేలుకో మైకు పెట్టి ఉంటారు. గొంతు ఎడమ స్పీకర్లోకి, ఫిడేలు కుడి స్పీకర్లోకి వస్తున్నాయి. స్పీకరు దేన్నీ మింగలేదు. ఒకే కంపెనీ జతని, ఒకే అలమర మీద, ఆరడుగుల ఎడంగా పెట్టండి. ఆ మోటారు వైరు తక్షణం పీకేయండి.

ఇట్లు, రక్తపోటు పెరిగిన
చంద్రరావు

తా.క.: స్పీకర్లు చావవండి.

* * *

కడియం,
7-9-1998

చంద్రరావు గారికి శుభవార్త.

వైరు పీకలేదు, క్షమించాలి. రేపు పీకుదాం, ఎల్లుండి పీకుదాం అనుకుంటూ రోజూ సాయంత్రం అలాగే క్యాసెట్టు వేస్తున్నాను. వేయగానే ఆవిడ వెనక గదిలోకి పోవడం, తలుపేసుకోవడం మామూలే. మొన్న క్యాసెట్టు పెట్టి పెరట్లో క్రోటన్లకి నీళ్లు పోస్తున్నాను. వెనక గది కిటికీలోంచి గొంతు వచ్చిందండీ! డెన్మార్కుది దారికొచ్చింది! కాస్త బొంగురుగా ఉంది, పై స్థాయిలో తడబడుతోంది. కానీ కొత్త చోట నాటిన మొక్కలా రోజురోజుకీ తేరుకుంటోంది. చిక్కల్లా ఒక్కటే. పాట మధ్యలో దగ్గుతోంది. క్యాసెట్టులో దగ్గు లేదు.

ఇట్లు, ఆనందంలో ఉన్న
జోగేశ్వరరావు

తా.క.: నిన్న పాట ఆపి "అబ్బ, మళ్లీ ఇక్కడే తప్పింది" అని కూడా అంది. డెన్మార్కులో తెలుగు బాగానే నేర్పుతున్నారు.

* * *

రాజమండ్రి,
10-9-1998

జోగేశ్వరరావు గారికి,

ముప్పై ఏళ్ల వ్యాపారంలో స్పీకరు గరగరలాడటం చూశాను, దగ్గడం చూడలేదు. గంగయ్య చల్లిన నీళ్లు లోపలికి పోయి ఉంటాయి. మెకానిక్కుని తీసుకుని సోమవారం నేనే వస్తున్నాను. అంతవరకు దాన్ని ముట్టుకోకండి.

ఇట్లు, కంగారులో
చంద్రరావు

తా.క.: మాట్లాడిన సంగతి మెకానిక్కుకి చెప్పలేదు. చెబితే రాడు.

* * *

కడియం,
11-9-1998

చంద్రరావు అన్నయ్య గారికి రత్నమాణిక్యం నమస్కరించి వ్రాయునది.

మీ ఉత్తరం గంగయ్య పొరపాటున నా చేతికిచ్చాడు. సోమవారం మీరు రావద్దండి. ఆ దగ్గు నాది.

హాల్లో నా పాత గొంతు వినలేక పారిపోయేదాన్ని. వెనక గదిలో అయితే, ఆ కచేరీలో నా పక్కన వాయించిన జ్ఞానప్రకాశం మాస్టారి ఫిడేలు ఒక్కటే. ఆయన ఓ స్వరం వాయించి, నా వంతు కోసం ఆగుతారు. మళ్లీ వాయించి, మళ్లీ ఆగుతారు. మాస్టారు అలా ఎదురుచూస్తుంటే ఎన్నాళ్లని ఊరుకోను? తలుపేసుకుని నోరు తెరిచాను. బొంగురే వచ్చింది. ఫిడేలు మాత్రం ఏమీ అనకుండా తర్వాతది అందుకుంది. నాకు ధైర్యం వచ్చిందన్నయ్య గారూ.

చరణం చివరి దాకా ఇంకా ఊపిరి నిలవడం లేదు. దసరాలకి మొత్తం పాడతాను. అప్పటిదాకా వీరికి చెప్పకండి. పాపం అమాయకులు, స్పీకరే పాడుతోందనుకుంటున్నారు. రెండు జతలూ ఉంచేసుకుంటాం. మోటారు వైరు పీకితే మాత్రం నేనొప్పుకోను.

ఇట్లు, మీ చెల్లెలు
రత్నమాణిక్యం

తా.క.: ఉత్తరం మడుస్తుంటే తలుపు చప్పుడైంది. తీస్తే ఎవరూ లేరు. గుమ్మంలో పొగలు కక్కే మిరియాల పాల గ్లాసు, దాని కింద వారి దస్తూరీతో చీటీ: "డెన్మార్కుకి, దగ్గు తగ్గడానికి."