గోడలున్న బండి

ఆదివారం, రాత్రి

పోయిన వానాకాలం నాటి ఒక ముచ్చట ఇవాళంతా మనసులో మెదులుతనే ఉన్నది. శామీర్‌పేట చెరువు పక్కన మా మడత బండిలో పండుకున్నం. జీపు వెనుక కట్టుకపోయి, ఆగినకాడ పైకప్పు ఎత్తితే గుడ్డ గోడలు లేచే బండి అది. తెల్లారేసరికి గుడ్డంతా వాననీళ్లు కారుతున్నయ్, అమ్మ దుప్పటి తడిసి ముద్దయింది. నేను చాయ్ పెడుతుంటే అమ్మ చెప్పులు చేతబట్టుకొని బురదలో నిలబడి, "ఇగ నన్ను గీ గుడ్డ ఇంట్ల పండుకోమనకుర్రి" అన్నది. అప్పటి నుంచి ఏ యాత్రకూ రాలేదు. అమ్మ లేని దర్శనం నాకు దర్శనం లెక్కనే అనిపించలేదు.

ఇవాళ తమ్ముడు రమేష్ ఆ బండి ఇచ్చేసి కొత్తది తెచ్చిండు. నడుమ గట్టి గోడలు, వాటి లోపలే ఒక మంచం, బాత్రూం. రెండు కొసలకు మాత్రం గుడ్డ కప్పిన మంచాలు బయటికి తెరుచుకుంటయ్. అమ్మ కుండను కొట్టి చూసినట్టు గోడను కొట్టి చూసింది.

"వానొస్తేనో?"

"లోపల కూసో అమ్మా, గిప్పుడే తెప్పిస్త" అని రమేష్ పైపుతో పైకప్పు మీద నీళ్లు పట్టిండు. ఎంతసేపటికీ అమ్మ పలకదు. భయపడి తలుపు తీస్తే, నడిమి మంచం మీద గురక పెడుతున్నది! మనసులోనే స్వామికి దండం పెట్టుకున్న.

మా పాత జీపు ఇంత బరువు లాగుతదా అని ఒక్క గుబులు. లాగుతదంటడు రమేష్. చూడాలె...

సాయంత్రం అందరం కూసొని ఎవరు ఎక్కడ పండుకోవాల్నో అనుకున్నం. గోడల నడుమ మంచం అమ్మది. "నీకు గాలి మంచిది బిడ్డా, గుడ్డ దిక్కు పండుకో" అని నా జాగా గూడ అమ్మనే చెప్పింది. శుక్రవారం కాళేశ్వరం పోతున్నం, అమ్మతోని.