నా కంప్యూటర్ నిద్ర

బావమరిదికి,

నువ్వు చేసి వెళ్ళిన పని బాగానే నడుస్తోంది. నా కంప్యూటరూ మీ అక్క కంప్యూటరూ వేరే వేరే జాతులవైనా, వైఫైలో ఒకదాన్నొకటి గుర్తుపట్టాయి. మీ అక్క తన గదిలో మందు సీసాల లేబుళ్ళు గీసి నా కంప్యూటర్‌లోని ఫోల్డర్‌లో పడేస్తుంది. నేను నా గదిలో ప్రింటు తీస్తాను. పెన్ డ్రైవ్ చేతికిచ్చే బాధ తప్పింది. తను గీసిన నీలం లేబుల్‌ని నేను అడక్కుండా ఆకుపచ్చ చేసినప్పటినుంచి మా మధ్య మాటల్లేవని నీకు తెలిసిందే.

ఒక్కటే ఇబ్బంది. నేను ప్రింటర్ దగ్గరుండిపోతే నా కంప్యూటర్ నిద్రపోతుంది. అప్పుడు ఆవిడకు ఫోల్డర్ కనబడదు. విసవిసా నా గదిలోకొచ్చి, ఒక బటన్ నొక్కి దాన్ని లేపి, నా మొహం చూడకుండా వెళ్ళిపోతుంది.

మొన్న మాత్రం గుమ్మం దగ్గర ఆగి, "ఎప్పుడు చూసినా నిద్రేనా దీనికి?" అంది.

"ఏం చెయ్యను, నా పోలికే వచ్చింది" అన్నాను.

నవ్వలేదు. కానీ తలుపు వెయ్యకుండా వెళ్ళింది.

ఆదివారం వచ్చి, అది నిద్రపోకుండా సరిచేస్తానని రాశావు. తప్పకుండా రా, భోంచెయ్యి, దాని జోలికి మాత్రం పోకు.

అక్క అస్తమానం అటూ ఇటూ తిరగాల్సొస్తోందని బెంగపడకు. నిన్న పక్కింటావిడ కంప్యూటర్‌కీ ఇదే జబ్బు చేస్తే, మీ అక్కే వెళ్ళి చిటికెలో నయం చేసింది. ఇంటికి రాగానే తిన్నగా నా గదిలోకొచ్చి, మాదాన్ని బటన్ నొక్కి లేపి వెళ్ళింది.

ఉంటాను,
మీ బావ