ఆకంతా నల్లబడిన రోజు

చిట్టితల్లికి,

మోకాళ్లు రిటైరయ్యాయి గాని నోరింకా డ్యూటీలోనే ఉంది, కంగారు పడకు. మొన్న పాత పేపర్ల కొట్లో ఒక వృక్షశాస్త్రం పుస్తకం దొరికింది. అట్ట లేదు. మొదటి పాఠం నాకంటే ముందే చెదలు చదివేశాయి. రెండోది కిరణజన్య సంయోగక్రియ. పైకి చదవబోతే కట్టుడుపళ్లు ఊడి చేతిలోకొచ్చాయి. ముప్పై ఏళ్లు కాలేజీ ల్యాబులో అటెండరుగా గాజుసామాను కడిగినవాడికి ఆ మాట అర్థం డెబ్భై రెండో ఏట తెలిసింది చూడు! ఆకు ఎండని పట్టుకుని, గాలినీ నీళ్లనీ కలిపి చక్కెర వండుతుందట. మిగిలినదాన్ని పిండిగా మార్చి దాచుకుంటుందట. చీకటైతే ఆ దాచిందే తిని బతుకుతుందట. అందుకే, పరీక్ష చేసేముందు మొక్కని రెండు రోజులు చీకట్లో ఉంచాలి, ఉన్న పిండంతా ఖర్చయిపోవాలి అని రాసుంది.

అక్కడ ఆగిపోయాను తల్లీ.

నువ్వు మా కాలేజీలోనే చదివేటప్పుడు, నీ ప్రాక్టికల్ పరీక్షకి ముందురోజు బీకర్ల కోసం ల్యాబు బీరువా తెరిచాను. లోపల ఒక కుండీ. నీదని తెలియదు. 'పాపం, ఎవరో మరిచిపోయారు' అనుకుని, నీళ్లు పోసి, పొద్దుగూకేదాకా కిటికీలో ఎండకి పెట్టాను. ఎందుకొచ్చిన గొడవని సాయంత్రం మళ్లీ లోపల పెట్టేశాను. మర్నాడు నువ్వు ఆకులో సగానికి నల్లకాగితం చుట్టి ఎండలో ఉంచావు. దాన్ని స్పిరిట్లో ఉడికించి అయోడిన్ వేస్తే పిండి ఉన్నచోటే నల్లబడాలి, కాగితం కింది సగం రంగు మారకూడదు. ఆకంతా నల్లబడింది. నీకు సున్నా వచ్చింది, పై చదువుకి సీటు పోయింది. ఇరవై ఆరేళ్లుగా మందుల కొట్లో సీసాలు సర్దుతున్నావు. ఆ రోజు నేను చేసిన పనికీ నీ సున్నాకీ సంబంధం ఉందని ఈ పేజీ చదివేదాకా నాకు తట్టలేదు. చెడగొట్టింది నీ చెయ్యి కాదమ్మా, నాది. క్షమించమనడానికి మొహం చెల్లడం లేదు.

నీ నాన్న

*

నాన్నా,

నాకు ఆ రోజే తెలుసు. బీరువా తెరిస్తే మట్టి తడిగా ఉంది, ఆకులన్నీ ఒకే పక్కకి తిరిగి ఉన్నాయి. చీకట్లో మొక్క అలా తిరగదు. కుండీ పెట్టడానికి లెక్చరర్ నాకిచ్చిన తాళంచెవి కాక, ఇంకొకటి నీ జేబులోనే ఉండేది. "కుండీని ఎవరైనా కదిపారా?" అని పరీక్ష పెట్టినాయన అడిగాడు. "లేదండీ, నేనే సరిగ్గా చెయ్యలేదు" అన్నాను. నిజం చెబితే నీ ఉద్యోగం ఊడేది.

సీటు కోసం నాలుగు రోజులు ఏడ్చి ఊరుకున్నాను. నాన్నా, ఆ తర్వాత నువ్వో కథ కట్టావు. "మా అమ్మాయికి ఆకు ఉడకబెట్టడమే రాలేదండీ, ఇక అన్నమేం వండుతుంది!" మా అత్తగారికి చెప్పావు. మా ఆయనకి చెప్పావు. నా పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని చెప్పావు. చెప్పిన ప్రతిసారీ కొత్త మెరుగులు. నువ్వు చెబితే నవ్వనివాళ్లెవరు? నేను మంచినీళ్ల వంకతో వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని.

క్షమాపణ నాకొద్దు. కథ సరిచెయ్యి. నాకు గుర్తున్నంతవరకు ఎవరెవరికి చెప్పావో ఈ కాగితం వెనక రాశాను, పదకొండు మంది. ఒక్కొక్కరికీ చెప్పు. ఈసారి నవ్వించకుండా చెప్పు.

జాబితాలో మొదట అమ్మని రాశాను, తర్వాత కొట్టేశాను. పోయే ముందు నా చెయ్యి పట్టుకుని, "పోనీలేవే, అందరికీ అన్నీ రావు" అంది.

చిట్టి