రెండు సంతకాల చరిత్ర

2023 జూలై 2, ఆదివారం

ఈరోజు నవాజ్ గెలిచాడు. ఆ మాట రాయడానికి నాకు గంట పట్టింది.

ప్రతి ఆదివారం మా షాపు పైన మేమిద్దరం ఆడే ఆటలో ఇప్పుడు సంవత్సరం 409. అందులో వాడి నీటిజాతి మా కొండజాతి సొరంగాల్లోకి చెరువు నీళ్లు వదిలింది. మూడు వందలమంది చచ్చారని వాడు, నూట యాభైకి మించరని నేను. గొంతులు చించుకున్నాం. కింద మా షాపులో మోటారు వైరు కొంటున్న రైతు, పైన ఏందయ్యా ఆ కొట్లాట అని నాయనను అడిగాడట. చివరికి రెండు వందల నలభై దగ్గర తెగింది. ఇద్దరం సంతకాలు చేశాం.

మా రూల్ అది. పాచికల్లో ఎవరు గెలిచినా, నోట్‌బుక్‌లో ఇద్దరి సంతకాలూ పడితేనే అది జరిగినట్టు. ఒక్క సంతకంతో ఏదీ జరగదు. డిగ్రీ ఫస్టియర్‌లో పెట్టుకున్నాం. పదకొండేళ్లు, నాలుగు లాంగ్ నోట్‌బుక్కులు, నాలుగు వందల తొమ్మిదేళ్ల చరిత్ర. మ్యాపు మాత్రం పలకల ఫ్యాక్టరీలో పనికిరాదని పారేసిన బండ మీద బలపంతో గీసుకున్నాం.

నాకు ఇరవై తొమ్మిది. పెళ్లిచూపుల్లో ఈ సంగతి ఎత్తవద్దని అమ్మ ఒట్టు వేయించుకుంది.

జూలై 5, బుధవారం

బెంగళూరు బోర్డ్ గేమ్ కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. మేం పంపిన ఆట అచ్చువేసి అమ్ముతారట! నవాజ్‌కి ఫోన్ చేస్తే క్లాసులో ఉన్నాడు. మార్కాపురంలోనే ప్రైవేట్ కాలేజీలో లెక్కలు చెప్తాడు. పిల్లల ముందే ఎగిరి గంతేశాను రా అన్నాడు.

జూలై 9, ఆదివారం

కంపెనీ ఆవిడ పేరు ఉషారాణి. మంచి మనిషే. మా నోట్‌బుక్కుల స్కాన్లన్నీ చదివింది. ఒక్క ప్రశ్న అడిగింది, మొదటి నోట్‌బుక్‌లో మొదటి పేజీ ఎందుకు ఖాళీగా ఉందని.

అక్కడ రెండు జాతుల పుట్టుక ఉండాలి. ఎవరు ముందు అనేది మాకు ఎన్నడూ తేలలేదు. మావాళ్లు కొండ పగిలి పుట్టారని నేను, చెవుల వెనక మొప్పలున్న తనవాళ్లు చెరువుతోపాటే పుట్టారని వాడు. పద్దెనిమిదేళ్ల వయసులో మూడు రోజులు మాట్లాడుకోలేదు దాని మీద. ఖాళీగా వదిలేసి ఒకటో సంవత్సరం నుంచి మొదలుపెట్టాం.

ఆడేవాళ్లకు అది ఎవరి నేలో తెలియాలండీ, ఈ నెలాఖరులోగా పంపండి అంది.

జూలై 12, బుధవారం

నవాజ్ షాపుకి వచ్చాడు. ఫర్జానాకు ఏడో నెల. రోజూ కంభం నుంచి రైల్లో వచ్చిపోవడం ఇక కుదరదు, భార్యను దగ్గర పెట్టుకోవాలి. మా నాగేశ్వర్లు బాబాయి ఇంట్లో పై పోర్షన్ ఖాళీగా ఉందని విన్నాడట. నువ్వు ఒక మాట చెప్పు గిరీ అన్నాడు. పదకొండేళ్లలో వాడు నన్ను ఏదైనా అడగడం ఇదే మొదలు.

జూలై 14, శుక్రవారం

బాబాయి ఇల్లు చూపించాడు. కుళాయి, మీటరు, మేడమీద బట్టలారేసుకునే తీగ అన్నీ చూపించాడు. మెట్లు దిగుతూ ఏ ఊరు మీది అన్నాడు. కంభం అన్నాడు నవాజ్. అది కాదబ్బాయ్, అంతకుముందు ఏడనుంచి వచ్చినారు మీవాళ్లు అన్నాడు బాబాయి. మా తాతకు తాత కూడా కంభమే సార్, చెరువు కట్ట కిందే మా ఇల్లు అన్నాడు నవాజ్. సరే, చెప్తాలే అన్నాడు బాబాయి.

నేను నవ్వాను. మా బాబాయి అందరినీ అట్లనే అడుగుతాడు రా, పట్టించుకోకు అన్నాను. బండి ఎక్కించుకున్నాను. మా ఇంటికి రమ్మంటే రాలేదు, స్టేషన్ దగ్గర దింపమన్నాడు.

జూలై 15

బాబాయి అందరినీ అట్లా అడగడు.

జూలై 23, ఆదివారం

నవాజ్ రాలేదు. ఫర్జానాకు ఒంట్లో బాగాలేదట.

జూలై 28, శుక్రవారం

బాబాయి పై పోర్షన్ బ్యాంకు క్లర్కుకు ఇచ్చేశాడు. పిన్ని చెప్పింది. నేను బాబాయిని ఏమీ అనలేదు. నవాజ్‌కీ చెప్పలేదు. ఆదివారం ఎటూ వస్తాడు కదా.

జూలై 31, సోమవారం

నిన్న కూడా రాలేదు. ఉషారాణి రెండుసార్లు ఫోన్ చేసింది. సాయంత్రం షాపు పైకెక్కి కూర్చుని మొదటి పేజీ నేనే రాసేశాను.

మొదట కొండజాతి ఉంది. నీటిజాతి కనుమ అవతలి నుంచి వచ్చింది. ఎక్కడి నుంచి వచ్చారో వాళ్లకే తెలియదు. కొండజాతి జాలిపడి చెరువులో చోటిచ్చింది.

చదువుకుంటే బాగుంది. నిజం చెప్పాలంటే చాలా బాగుంది. పదకొండేళ్ల తర్వాత గెలిచినట్టు అనిపించింది. సంతకం చేశాను. పక్కన వాడి చోటు ఖాళీగా ఉండగానే ఫొటో తీసి ఉషారాణికి పంపాను. ఆదివారం వాడు వచ్చి అరుస్తాడు, అప్పుడు చూసుకుందాం అనుకున్నాను.

ఆగస్టు 6, ఆదివారం

వచ్చాడు.

వాడి వాదనలకు జవాబులన్నీ సిద్ధం చేసుకున్నాను. పేజీ చేతికిచ్చాను. రెండుసార్లు చదివాడు. అరవలేదు. పంపించినావా అన్నాడు. పంపించాను, గేమే కదా రా అన్నాను. మీ బాబాయి ఇల్లు ఏమైంది అన్నాడు.

అప్పుడు చెప్పాను. ఎప్పుడు ఇచ్చేసినాడు అన్నాడు. పది రోజులైంది అన్నాను. వాడు తల ఊపాడు.

అంతవరకూ నాకు తట్టనే లేదు. బాబాయి మెట్ల మీద అడిగిన మాటనే నేను ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, కింద సంతకం పెట్టి, వాడి చేతికిచ్చాను. సిగ్గుతో చచ్చిపోయాను. కొట్టేస్తాను రా అని పెన్ను తీశాను. వద్దులే, రాసింది ఉండనీ అన్నాడు. నాలుగు నోట్‌బుక్కులూ ఒకసారి చదువుతానని సంచిలో పెట్టుకుని వెళ్లాడు. ఆట ఆడలేదు.

ఆగస్టు 8, మంగళవారం

ఫోన్ ఎత్తడం లేదు.

ఉషారాణికి చేశాను. ఆ పేజీ తప్పండీ, తీసేయండి అన్నాను. బొమ్మలు కూడా వేయించేశామండీ, చూడండి ఎంత బాగా వచ్చాయో అని పంపింది. అట్టపెట్టె మీద కొండజాతి వెలుగులో నిలబడి ఉంది. నీటిజాతి చీకట్లో, కళ్లు మాత్రం ఎర్రగా. ఈ ఆట ఇట్లా కాదండీ అన్నాను. గేమే కదండీ అంది.

ఆగస్టు 11, శుక్రవారం

బాబాయితో గొడవ పెట్టుకున్నాను. నాయన ముందే అరిచాను. ఆ అబ్బాయి మంచోడే, నేనేమన్నా కాదంటినా అన్నాడు బాబాయి. జూలైలో అరవాల్సింది.

ఆగస్టు 19, శనివారం

నవాజ్ వాళ్ల నాయన అబ్బాస్ అలీ గారు షాపుకి వచ్చారు. సంచి కౌంటర్ మీద పెట్టి, ఇవి నీకిచ్చి రమ్మన్నాడు నాయనా అన్నారు. నవాజ్ గిద్దలూరు కాలేజీలో చేరినాడని, అక్కడే ఇల్లు కూడా దొరికిందని చెప్పారు. కూర్చోమంటే కూర్చోలేదు. మీ ఇద్దరికీ ఏమైనా మాటపట్టింపు వచ్చిందా అని అడిగారు. లేదు మామా అన్నాను.

షాపు వదిలేసి పైకి పోయి తెరిచాను. మొదటి పేజీలో నా సంతకం పక్కన వాడి సంతకం ఉంది. ఒక్క అక్షరం దిద్దలేదు. రెండు వందల నలభై శవాల దగ్గర గంటసేపు నా ప్రాణం తీసినవాడు, తన జాతి ఎక్కడి నుంచో వచ్చిందంటే సంతకం చేసి ఇచ్చాడు. తిట్టి ఉంటే బాగుండేది. పేజీ చింపి ముఖాన కొట్టి ఉంటే ఇంకా బాగుండేది.

నాలుగో నోట్‌బుక్ చివర్లో వాడి చేతిరాతతో రెండు లైన్లున్నాయి.

సంవత్సరం 410. నీటిజాతి చెరువు విడిచి వెళ్లిపోయింది. యుద్ధం జరగలేదు.

కింద సంతకం. పక్కన నాకు చోటు వదిలాడు.

ఆగస్టు 20, ఆదివారం

సంతకం చేయను. చేయకపోతే జరగనట్టే.

గిద్దలూరు బస్సెక్కాను. తర్లుపాడు దాకా కూడా పోలేదు, దిగి వెనక్కి వచ్చేశాను. వెళ్లి ఏమని చెప్పాలో తెలియలేదు.

ఆగస్టు 27, ఆదివారం

పాచికలు వేశాను. నాలుగు పడింది. నా వంతు ఆడాను.

ఇప్పుడు నీటిజాతి వంతు.