పాప్లర్ సిలువ

అక్టోబర్ 4, ఆదివారం

మార్చిలో ఆ ఉదయం ఎలా గడిచిందో మరిచిపోకముందే రాసుకుంటున్నాను. పెనం మీద బక్‌వీట్ అట్లు పోస్తున్నాను. అవి ఒక వైపే కాలాలి, పైన చిల్లులు కళ్ళలా విచ్చుకోవాలి. మా ఆఖరి తమ్ముడు క్లోవిస్ బూట్లు విప్పకుండానే వంటింట్లోకి వచ్చాడు. నీ అట్టుకి ఇన్ని కళ్ళేంటక్కా, అన్నీ నా బూట్లనే చూస్తున్నాయి అన్నాడు. వెన్న రాసుకుని రెండు నిలబడే తిన్నాడు. మూడోది చుట్టి జేబులో పెట్టుకున్నాడు. వాగు వెంట ఓసారి తిరిగి చర్చిలో పూజ వేళకి వచ్చేస్తానన్నాడు.

అదేమంత దారి? నానమ్మ చేతికర్రతో తిరిగిన దారి. చివర్లో, చెట్లు కొరికి వాగుకి కట్ట కట్టే బీవర్ల చెరువు దగ్గర, మలుపు తిరగడమెందుకని గడ్డకట్టిన నీటి మీద అడ్డంగా నడిచాడు. వాటి గూటి పక్కన గడ్డ ఎప్పుడూ పలచనే. వాడికీ తెలుసు. రాత్రి కురిసిన మంచు గూటిని కప్పేసింది. వాడి కాళ్ళ కింద గడ్డ విరిగింది.

ఇవాళ అదే దారిలో నేను, పెద్ద తమ్ముడు రోసేర్, క్లోవిస్ భార్య జినెట్ నడిచాం. జూన్‌లో రోసేర్ వాడి గుర్తుగా గట్టున పాతిన సిలువ లేదు. సిలువని ఎవరెత్తుకుపోతారు బావగారూ అంది జినెట్. రోసేర్ గడ్డి పక్కకి తీశాడు. మిగిలిన మొదలు మీద పంటి గాట్లు, ఉలితో చెక్కినట్టు.

పాప్లర్‌తో చేశానక్కా అన్నాడు. అంతే.

బీవర్లకి పాప్లర్ కంటే ఇష్టమైన తిండి లేదు. రోసేర్ వేటగాడు. జీవితమంతా ఆ కొమ్మలే ఉచ్చులకి ఎరగా కట్టాడు. జూన్‌లో ఆ ఏడుపులో, చేతికి దగ్గరున్న చెట్టు నరికాడు.

అక్టోబర్ 5

రోసేర్ ఉచ్చులు అటక మీంచి దింపాడు.

అక్టోబర్ 7

వేట కాలం రానీ, ఒక్కదాన్నీ మిగల్చను అంటాడు రోసేర్. ఈలోగా కట్ట తెంచుతాడట. చెరువే లేకుండా చేస్తాడట.

అది బురదగుంటైతే నేను రోజూ ఎక్కడికెళ్ళి కూర్చోవాలి అని అడిగింది జినెట్. కూర్చుని వాటికి జోల పాడు అన్నాడు రోసేర్. పాడతాను, మీరు అన్నం పెట్టారు, నేను జోల పాడతాను అంది. రోసేర్ కుర్చీని తన్ని లేచాడు.

ఇద్దరూ నా వైపు చూశారు. పెద్దదాన్ని కదా. జపమాల తీశాను.

అక్టోబర్ 10

రోసేర్ కట్టకి గండి కొట్టాడు. నీళ్ళ మోత ఇంటిదాకా వినబడింది. జినెట్ కిటికీలు మూసింది. నేను మోకరించాను. ఏమడగాలో తోచలేదు.

అక్టోబర్ 11, ఆదివారం

గండి పూడిపోయింది. పారే నీటి చప్పుడు బీవర్లు భరించలేవు, రాత్రికి రాత్రే పూడ్చేశాయి. కొత్త బురద, రాళ్ళు, కొమ్మలు. మధ్యలో బెరడు ఒలిచేసిన తెల్లటి కర్ర. దాని మీద రోసేర్ కాల్చిన మేకుతో రాసిన పేరు, క్లోవిస్.

రోసేర్ మోకాలి లోతు నీళ్ళలోకి దిగి కర్ర పట్టుకుని లాగాడు. చుట్టూ నీరు చిమ్మింది. ఆగిపోయాడు. వెనక్కి తిరిగి మమ్మల్ని చూశాడు.

కర్రని మళ్ళీ లోపలికి నొక్కాడు. పసివాడికి దుప్పటి సర్దినట్టు అరచేత్తో చుట్టూ బురద మెత్తాడు. పైకి రావడానికి జినెట్ చెయ్యి అందించింది.

అదే రోజు, సాయంత్రం

ఇద్దర్నీ కూర్చోబెట్టి నేనే చెప్పాను. ఉచ్చులు అటకెక్కాలి. కట్ట జోలికి పోకూడదు. కొత్త సిలువ వద్దు. చెరువు గడ్డకట్టగానే, చలికాలం నది గడ్డ మీద బండిదారికి గుర్తుగా చెట్లు పాతుతామే, అలాగే గూటికి దూరంగా చుట్టూ చెట్లు పాతాలి, ఎవరూ అటు అడుగెయ్యకుండా. పాతేది రోసేర్. ఫర్ చెట్లే తెండి, పాప్లర్ మాత్రం వద్దు బావగారూ అంది జినెట్. తేనమ్మా అన్నాడు రోసేర్.

ఆమెన్ అన్నాను.